ఉత్తి నీళ్ల ట్రే

పట్టాభిషేకాలకు తేదీలున్నాయి, యుద్ధాలకు తేదీలున్నాయి. మొక్కజొన్న మొలకల తల నిమరడం ఏనాడు మొదలైందో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. పరిశోధనశాలలో చీకటిగది చూసుకునే బాబాయ్‌కి కూడా సరిగ్గా గుర్తులేదు. పందొమ్మిదేళ్ల కిందట, ఒక సోమవారం అని ఆయన అంచనా. చరిత్రకారులు ఇంతకంటే తక్కువ ఆధారాలతో యుగాలే విడగొట్టారు.

ఆయన ఎవరికీ సొంత బాబాయ్ కాదు. యాభై ఆరేళ్లు. పెళ్లి ఊసు ఎప్పుడో అటకెక్కింది. మేడమీద ఒంటిగది, అందులో ఒకే కుర్చీ. రెండోది అవసరమయ్యే సందర్భం ఇంతవరకు రాలేదు. ఆదివారం అక్క ఫోన్ చేసి "తిన్నావా?" అంటుంది. "ఆ" అంటాడు. "ఇంకేంటి?" "ఇంకేముంది." దాంతో ఆ వారానికి ఇంటి కబుర్లు సంపూర్ణం.

చీకటిగదిలో మాత్రం ఆయన మాట వినడానికి నలభై ఎనిమిది మంది ఉంటారు. పొద్దున్నే మసక పచ్చదీపం వేసుకుని, నీళ్లు పోసి, ఒక్కో మొలకనీ రెండు వేళ్లతో నిమిరి, "ఏమ్మా, బాగున్నావా" అని వరసగా పలకరించేవాడు.

ఆ మొలకల మీద మూడేళ్లుగా డాక్టరేట్ కోసం తంటాలు పడుతున్న అమ్మాయి ఒకామె ఉంది. ఆమె విషయం జాస్మోనేట్ అనే హార్మోను. పురుగు కొరికినప్పుడు మొక్క తనలో తాను తయారుచేసుకునే హెచ్చరిక. కణంలో ఆ కబురు నడిచే తీరు ఆయనకు ఒకసారి విడమరిచి చెప్పింది.

"పని చెయ్యాల్సిన ప్రోటీను ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది బాబాయ్. దాని నెత్తిన ఇంకోటి కూర్చుని కదలనివ్వదు."

"మన సూపరింటెండెంటులాగా."

"హార్మోను వచ్చి ఆ కూర్చున్నదాన్ని పట్టిస్తుంది. కణం దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది. అప్పుడు కిందది లేచి జన్యువులకు పని పురమాయిస్తుంది."

"ఆ హార్మోను మన ఆఫీసుకి కూడా కాస్త చల్లమ్మా" అన్నాడాయన.

కబురు అందిన కణం మెరిసేలా ఆ మొలకల్లో మిణుగురు పురుగు జన్యువు ఒకటి చేర్చారు. ఒక ట్రేకి హార్మోను చల్లుతారు, రెండోదానికి ఉత్తి నీళ్లు. కెమెరా పెట్టెలో మొదటిది మెరవాలి, రెండోది నల్లగా ఉండాలి. ఆ తేడాయే ఆమె మూడేళ్ల చదువు.

ఆ మెరిసే మొలకలు చేతికొచ్చిన రెండు నెలలుగా రెండు ట్రేలూ ఇంచుమించు సమానంగా మెరుస్తున్నాయి. ఆమె నీళ్లు మార్చింది, మట్టి మార్చింది, గింజలు మార్చింది. ఆమె ప్రొఫెసరు, "నెలాఖరుకి తేడా చూపించు, లేదంటే విషయం మార్చుకో" అని తేల్చేశాడు. బాబాయ్‌కి బాధేసింది. బాధేస్తే ఆయనకు తెలిసిన వైద్యం ఒకటే: మొలకల్ని ఇంకాస్త ఎక్కువ నిమరడం.

ఒక పొద్దున తలుపు సందులోంచి వెలుతురు వస్తోందేమో చూద్దామని ఆమె ఆయనకంటే ముందే వచ్చి, దీపం ఆర్పేసి మూల కూర్చుంది. ఆయన వచ్చి పచ్చదీపం వేశాడు. మూలకేసి చూడలేదు.

"ఏమ్మా, ఆ పిల్ల ఏడుస్తోంది. మీరు కాస్త బుద్ధిగా ఉండకూడదూ?" అంటూ మొదటి ట్రే నిమిరాడు. రెండో ట్రే దగ్గర గొంతు తగ్గించాడు. "మీకు పాపం మందూ లేదు, మాకూ లేదు. ఉత్తి నీళ్లు. రండి, మీకు రెండేసిసార్లు."

"బాబాయ్" అని వినిపించింది.

ఆయన చెయ్యి మొలక మీదే ఉండిపోయింది.

"ఎన్నాళ్లనుంచి?"

"పందొమ్మిదేళ్లు."

"వీటినా?"

"వీటి తాతముత్తాతల్ని."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఊరికే తాకినా ఆ హార్మోను పుడుతుంది బాబాయ్. పురుగు వాలిందనుకుంటాయి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పందొమ్మిదేళ్లూ నన్ను పురుగనుకున్నాయా?"

"మాటవరసకన్నాను. అసలు అనుకోవడమే వాటికి రాదు."

ఓదార్పుగానే అంది. రెంటిలో ఏది నయమో ఆయనకు తేలలేదు.

మర్నాటి నుంచి పొడుగు గొట్టంతో ట్రే అడుగున నీళ్లు పోశాడు. మాటలకేం అభ్యంతరం లేదని ఆమె దయతో అనుమతి ఇచ్చింది. ప్రయత్నించాడు. చెయ్యి వెయ్యకుండా "బాగున్నావా" అంటే అక్కతో ఫోన్లో మాట్లాడినట్టే ఉంది. మూడోరోజుకి మానేశాడు.

ఆ పై వారం కొత్త మొలకల్ని కెమెరా పెట్టెలో పెట్టారు. తెర మీద మొదటి ట్రే ధగధగా మెరిసింది. రెండోది కాటుక నలుపు. ఆమె "హమ్మయ్య" అని ప్రొఫెసరు గదికి పరిగెత్తింది. బాబాయ్ తెర ముందే నిలబడి రెండో ట్రేకేసి చాలాసేపు చూశాడు.

ఆమెకు డాక్టరేట్ వచ్చింది. సిద్ధాంత గ్రంథం అరవై ఒకటో పేజీలో, పరీక్షా విధానం కింద ఒక వాక్యం ఉంది: "మొలకలను ఎవరూ తాకలేదు."