నీలి రంగు పేర్లు

మొన్న సమాధుల పండుగకు ముందురోజు, చేవెళ్లలో సున్నం బస్తా కొని షేర్ ఆటోలో కాళ్ల దగ్గర పెట్టుకుని మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ వెళ్తుంటే ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. మా క్రైస్తవ కుటుంబాల్లో ఏటా నవంబరు మొదట్లో ఆ పండుగ చేస్తాం. ముందురోజు సమాధుల మీద గడ్డి పీకి సున్నం వేస్తాం, మర్నాడు పూలు, కొవ్వొత్తులు పెట్టి ప్రార్థన చేసుకుంటాం. ఫోటోలో ఉన్నదీ సమాధే. తెల్లటి సిమెంటు సిలువ మీద నీలి రంగుతో మూడు పేర్లు రాసి ఉన్నాయి. మధ్య పేరు తెలుగులో ఉంది. దాని కింద మూడో పేరు కొత్తగా చేరింది. అది చదివి ఫోన్ జేబులో పెట్టేశాను. పక్కనున్న పెద్దాయన ఏమైందని అడిగితే కళ్లల్లో సున్నం పడిందని చెప్పాను. బస్తా మూతి గట్టిగా కుట్టి ఉండడం ఆయనకూ కనిపిస్తూనే ఉంది.

ఆ సిలువ ఉన్నది ఈక్వెడార్ దేశంలో, కీటో నగరం అంచున ఒక కొండవాలు మీద. దక్షిణ అమెరికాలో మాకేం పని అని ఎవరైనా అడుగుతారు. గులాబీల పని. మొయినాబాద్ చుట్టుపక్కల పాలీహౌసుల్లో గులాబీలు పెంచిన అనుభవం చూసి నన్నూ, మా హిమాయత్‌నగర్ అన్ననూ అక్కడి పూల తోటలో సూపర్‌వైజర్లుగా తీసుకున్నారు. అన్న నాకు వరసకు ఏమీ కాడు, నాలుగేళ్లు పెద్ద, అంతే. మూడోవాడిది శంకర్‌పల్లి, బజారులో బట్టల దుకాణం ఉన్న ఇల్లు. అతను కీటోలో మన బట్టలు, అగరుబత్తులు అమ్మే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. మేం సేటు అని పిలిచేవాళ్లం. ముగ్గురం కలిసి రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం.

ఆ ఊరు చాలా ఎత్తున ఉంటుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. నీళ్లు తొందరగానే మరుగుతాయి గానీ పప్పు ఎంతసేపటికీ ఉడకదు. మొదటి నెలంతా పప్పు బద్దలు నమిలి మింగాం. తర్వాత సేటు ఎక్కడినుంచో ప్రెషర్ కుక్కర్ సంపాదించుకొచ్చాడు. మొదటి విజిల్‌కే కింది ఇంటివాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తారు. వాళ్లకు సర్దిచెప్పడానికి సేటు ఆ పప్పునే గిన్నెలో పోసుకుని వెళ్లాడు. అన్నకు స్పానిష్ చివరిదాకా పట్టుబడలేదు. బస్సు దిగాల్సి వస్తే "జర ఆపవే అన్నా" అని డ్రైవరుకు మన భాషలోనే చెప్పేవాడు, బస్సు ఆగేది. నేను మాటలన్నీ మనసులో వరసగా పేర్చుకుని నోరు తెరిచేలోపు రెండు స్టాపులు దాటిపోయేవి.

అక్కడికి వెళ్లిన రెండో ఏడు అన్న తల్లి చనిపోయింది. మా వైపు తల్లిని అవ్వ అంటారు. అప్పటికి అన్న ఉండడానికి కావలసిన కాగితాలు గడువు తీరి, కొత్తవాటి కోసం ఆఫీసులో ఉన్నాయి. అవి చేతికి రాకుండా దేశం దాటితే మళ్లీ రానివ్వరు. పైగా రెండు రోజుల ప్రయాణం. ఊళ్లో అన్నాళ్లు ఆగలేరు. బంధువులు ఫోన్లో చూపించారు. పాస్టరు గారు ప్రార్థన ముగించి, అయినవాళ్లంతా తలా పిడికెడు మన్ను వేయడానికి ముందుకు రాగానే సిగ్నల్ పోయింది. అన్న ఫోన్‌ను బోర్లా పెట్టాడు. తర్వాత, "నా చేతి మన్ను పడలే తమ్మీ," అన్నాడు. మావాళ్లలో కొడుకు తల్లికి చేసే చివరి పని అదే. ఆ తర్వాత రెండు నెలలు అన్నం ముందు కూర్చున్నా, గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్నా అదే మాట. ఏడవలేదు, సరిగా తినలేదు. మనిషి ఏమైపోతాడోనని మాకు భయం పట్టుకుంది.

నవంబరు వచ్చింది. అక్కడా అదే రోజుల్లో చనిపోయినవాళ్ల పండుగ చేస్తారని సేటు తెలుసుకొచ్చాడు. ఎవరూ పట్టించుకోని సమాధి ఒకటి చూసుకుని, దాన్నే అవ్వ సమాధి అనుకుని శుభ్రం చేసి ప్రార్థన చేసుకుందామన్న ఉపాయం నాది. సేటు వాళ్లింట్లో శ్మశానానికి వెళ్లొస్తే స్నానం చేయనిదే గడప తొక్కనివ్వరు. అయినా సున్నం బకెట్ మోసింది అతనే. ఒక మూల మోకాలెత్తు గడ్డిలో ఒరిగిపోయిన సిలువ కనిపించింది. గడ్డి పీకి దాన్ని నిలబెట్టాం. మా ఊళ్లో పేరును బండ మీద చెక్కిస్తారు, చుట్టూ సున్నం వేసి బండను తుడిచేస్తాం. ఇక్కడ సిలువ మీదున్న వెలిసిపోయిన నీలి మరకలను నాచు అనుకున్నాం. అన్న మా పద్ధతి ప్రకారం సున్నం ఒక పూత వేసి, ఆరనిచ్చి, రెండో పూత కూడా పట్టించాడు. ఆ సాయంత్రం కడుపునిండా తిన్నాడు.

మర్నాడు, ఎగుమతికి పనికిరాని పొట్టి కాడల గులాబీలు పట్టుకుని వెళ్లేసరికి సమాధి పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. ఒళ్లో మూటలో పసిపాప ఆకారంలో కాల్చిన రొట్టెలు, పక్కన సీసాలో ఊదారంగు పండ్ల పానకం. వాళ్ల పండుగకు అవే చేస్తారు. ఆమె సిలువను వేళ్లతో తడుముతోంది. మా చేతుల్లో పూలు చూసి ఏదో అడిగింది. సేటు మావైపు తిరిగాడు.

"ఈమె పెనిమిటిదంట. కాళ్ల నొప్పులకు రెండేండ్ల నుంచి రాలేదంట. పేరు ఈమెనే రాసిందంట. అది ఏడున్నదని అడుగుతున్నది," అన్నాడు.

అన్న మోకాళ్ల మీద కూర్చుని గోళ్లతో సున్నం గీకడం మొదలుపెట్టాడు. సున్నంతోపాటు నీలి పొట్టు కూడా రాలిపోయింది. మా దుఃఖం తీర్చుకోవడానికి వెళ్లి ఇంకొకరి పేరు చెరిపేశాం. ఉపాయం చెప్పినవాణ్ని నేనే. ఆమె అన్న చేతులు పట్టుకుని ఆపింది. గోళ్ల దగ్గర నెత్తురు తన కొంగులాంటి శాలువాతో తుడిచి, మీవాళ్లెవరని అడిగింది. మన్ను సంగతితో సహా సేటు అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు. కాపలావాడి దగ్గర నీలి రంగు డబ్బా ఉంటుంది, తెమ్మని నన్ను పంపింది. భర్త పేరు తానే రాసి, కుంచె అన్నకిచ్చింది.

"కింద జాగా ఉన్నదంట. అవ్వ పేరు మన అక్షరాలల్లనే రాయమంటున్నది," అన్నాడు సేటు.

అన్న రాశాడు. ఆమె వంగి పిడికెడు మన్ను తీసి అతని అరచేతిలో పోసింది. దాన్ని సమాధి మీద వేసి, తల్లి పోయిన రెండు నెలలకు అన్న మొదటిసారి ఏడ్చాడు.

తర్వాత అక్కడున్నన్నాళ్లూ ఏటా ఆమెతోపాటే వెళ్లాం. సున్నం మేం వేసేవాళ్లం, పేర్లు మాత్రం ఆమె ముందే ఒక గుడ్డ కప్పి కాపాడుకునేది. మా మీద ఆమెకు ఆ మాత్రం అపనమ్మకం చివరిదాకా ఉండింది. మేం ఆమెను అవ్వ అనే పిలిచాం. అన్నా నేనూ తిరిగొచ్చేసేటప్పుడు, నేను పోతే మన్ను వేయడానికి వస్తావా అని ఆమె అన్నను నవ్వుతూ అడిగింది. వస్తానని అన్న నవ్వకుండా చెప్పాడు. సేటు అక్కడే ఉండిపోయాడు.

హిమాయత్‌నగర్‌లో అన్న అప్పటికే తల్లి సమాధి చుట్టూ గడ్డి పీకి కూర్చున్నాడు. సేటు పంపిన ఫోటో చూపించాను. మూడో పేరు దగ్గర వేలు ఆగింది. తెలుగు అక్షరాల మీద ఎవరో కొత్తగా రంగు దిద్దారు. ఆ భాష రానివాళ్లు ఎంతో జాగ్రత్తగా దిద్దినట్టు తెలుస్తూనే ఉంది.

"ఎప్పుడు పోయిందంట?"

పోయిన నెలలో అని సేటు ఫోటోతోపాటు రాసి పంపాడు, అదే చెప్పాను. సేటు దగ్గరుండి అన్నీ చూశాడనీ, తన పిడికెడు మన్ను వేశాడనీ చెప్పాను. అన్న తల ఊపాడు. బస్తా విప్పి సున్నం కలిపాడు. రెండు పూతలూ వేశాక, చేతులు కడుక్కుని, పక్కనుంచి పిడికెడు మన్ను తీసుకున్నాడు.

"గిది నీకు గాదవ్వా, ఆమెకు. జర అందియ్యి," అని తల్లి సమాధి మీద వేశాడు.

తడి సున్నం మీద ఆ మన్ను ఎర్రగా అంటుకుపోయింది, మేం తుడవలేదు. అన్న జీవితంలో రెండుసార్లూ ఆలస్యంగానే మన్ను వేశాడు, రెండుసార్లూ వాళ్లున్న చోట కాక వేరే ఊళ్లోనే వేశాడు. కాలం దాన్ని ఆలస్యమని రాసుకుంటుందేమో గానీ, భూమి మాత్రం రెండుసార్లూ తీసుకుంది.