ఎదుటి వీధికి నడిచిన మా అత్త

పోయిన శుక్రవారం పొద్దున ప్రార్థన ముగించి మంచం మీద ఒరిగిన మా అత్త మళ్లీ లేవలేదు. ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది. సమాధి దగ్గర అందరూ ఆమె వంట గురించి చెప్పుకున్నారు. ఆమె ధైర్యం గురించి ఎవరూ నోరు విప్పలేదు. హైస్కూలు దాటాక ఉత్తరాలు తప్ప ఏమీ రాయని నేను అందుకే కలం పట్టాను.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పార్టీల గొడవలు ముదిరిన ఆ ఏళ్లలో మా వీధివాళ్లు ఎదుటి వీధిలో కాలు పెట్టేవారు కాదు. అప్పుడే మామకు మతిమరుపు మొదలైంది. పగ సంగతే మరిచిపోయి, ఎదుటి వీధిలో ఉన్న చిన్ననాటి స్నేహితుడి అరుగు మీదికి వెళ్లబోయేవాడు. మా ఆయన భయపడి తలుపుకు గడియ పెట్టించాడు.

ప్రొద్దుటూరు డాక్టరు ఉన్నమాట చెప్పాడు. “పోయిన జ్ఞాపకం తిరిగి రాదమ్మా. డాల్డా, మళ్లీ మళ్లీ కాచిన నూనె మానిపించు. రోజూ నడిపించు, మనుషుల్లో ఉంచు. కొంత మేలు జరగొచ్చు.”

అత్త డాల్డా డబ్బా కడిగి కరివేపాకు మొక్క నాటింది. కూరలో నూనె చెంచాతో పోసేది. “నాలుక నెల రోజులు ఏడుస్తాది, మళ్లీ ఊరుకుంటాది” అనేది. తర్వాత గడియ తీసింది.

“వాళ్లు నరుకుతారు అత్తా!”

“ముందు నేనుంటా గదా. ఈయన మనసిచ్చి మాట్లాడేది ఆ ఒక్క మనిషితోనే.”

మామ చెయ్యి పట్టుకొని నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. కట్టె పట్టుకున్న ఒకతను అడ్డం వచ్చాడు.

“ఈడికి యాల పిల్చుకొచ్చినావు?”

“డాక్టరు నడిపించమన్నాడప్పా. నువ్వూ రా, ఊరికే నిలబడినావు గదా.”

అతనికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. పక్కకు తప్పుకున్నాడు.

అరుగు మీద కూర్చోగానే స్నేహితుడి భార్య పళ్లెం నిండా మిరపకాయ బజ్జీలు తెచ్చింది. అత్త ఆ పళ్లెం పక్కకు జరిపింది. అరుగంతా బిగుసుకుపోయింది.

“ఏందిమ్మే, విషం పెడ్తామనుకుంటాండావా?”

“విషమైతే నేనే తింటా అక్కా. కాగిన నూనె ఈయనకు పడదు. రేపు శెనిక్కాయలు ఉడకెయ్యి, అందరం తిందాం.”

ఆమె ఫక్కున నవ్వింది. ఏళ్ల తర్వాత ఆ రెండు వీధులు నవ్వుతూ మాట్లాడుకున్న మొదటి మాట నూనె గురించే.

మామ బాగుపడలేదు. నా పేరు, చివరికి అత్త పేరు కూడా మరిచిపోయాడు. ఆ అరుగుకు దారి మాత్రం మరవలేదు. ఆయన మీద ఒక్క చెయ్యీ పడలేదు. ఆమె కోడలినని చెప్పుకోవడం నాకు గర్వం.

పిల్లలూ, ఈ కాగితాలు మీ అవ్వ బైబిలులో దాచండి. ఎవరికీ చూపకండి. తమవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు రెండు వీధుల్లోనూ ఉన్నాయి.

సమాధి మట్టి ఇంకా తడిగా ఉండగానే ఆ స్నేహితుడి భార్య వచ్చింది. కొంగుముడి విప్పి, ఉడికిన శెనిక్కాయలు నా ఒడిలో పోసింది. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.