మిషను ఒప్పుకోని బొటనవేలు

సర్కారు బీదపిల్లల ఫీజులు కట్టిందని ఎవరైనా గొప్పగా చెబితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కట్టింది, కాదనను. ఆ డబ్బుతో డిగ్రీలు చదివిన పిల్లలు నాకు ఎందరో తెలుసు. కానీ అది ఎవరెవరి దయ మీద, ఎన్ని గుమ్మాలు దాటి వచ్చేదో నేను ఆ గుమ్మంలోనే కూర్చుని చూశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్కాలర్‌షిప్పుల గుమాస్తాను నేను. కింద చెప్పుల దుకాణం, నడిమి అంతస్తులో కోచింగు సెంటరు, ఆ పైన మా కాలేజీ. లిఫ్టు ఉండేది కానీ తాళం వేసి ఉండేది.

నేను చేరింది అటెండరుగా. బడిలో చదివింది తక్కువ. ఇంగ్లీషు అక్షరాలు బస్సు బోర్డుల మీద, మందుసీసాల మీద నేర్చుకున్నాను. కోఠి ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన నిఘంటువు కొని, టీ పోసే మధ్య మధ్య చదివాను. స్కాలర్‌షిప్పుల కుర్చీలో కూర్చోవడానికి డిగ్రీలు ఉన్నవాళ్లు ఎవరూ ఒప్పుకోలేదు. అక్కడికి వచ్చేవాళ్లు ఏడుస్తారు, తిడతారు, మధ్యాహ్నం తిండి తిననివ్వరు. అందుకని నన్ను కూర్చోబెట్టారు.

వెనకటి రోజుల్లో స్కాలర్‌షిప్పు అంటే ఒక ఆఫీసు, ఒక బల్ల, బల్ల వెనక ఒక మనిషి. ఆ మనిషి లంచం తినేవాడు. విసుక్కునేవాడు, రేపు రమ్మనేవాడు. అయినా పిల్ల ముఖం చూసేవాడు. తర్వాత అంతా ఒక్కచోటికి చేర్చారు. ఆదిలాబాదు పిల్లకూ, మా దిల్‌సుఖ్‌నగర్ పిల్లకూ ఒకే కంప్యూటరు, ఒకే గడువు. దొంగ విద్యార్థుల పేరుతో కాలేజీలు డబ్బు మింగుతున్నాయని ఆపైన వేలిముద్ర నిబంధన పెట్టారు. మింగిన మాట నిజమే. మింగిన కాలేజీల యజమానులు మాత్రం ఏ మిషను మీదా వేలు పెట్టలేదు. వేలు పెట్టాల్సింది పిల్లలు. ఆ కంప్యూటరు కాదంటే ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియదు. దానికి కాళ్లు లేవు.

అలా నా బల్ల ముందుకు వచ్చిన ఒక పిల్ల సంగతి చెబుతాను. డిగ్రీ చివరి ఏడు పూర్తి చేసింది. మంచి మార్కులు. బీఈడీలో సీటు వచ్చింది, పంతులమ్మ కావాలని ఆశ. వాళ్లది పోచంపల్లి. సాలెల కుటుంబం. అక్కడ మగ్గం సాగక తుర్కయంజాల్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నారు. తండ్రి బట్టల దుకాణంలో గుమాస్తా. తల్లీ కూతుళ్లు ఇంట్లో సావుకారు ఇచ్చిన పట్టుకు ఆసు పోసేవారు. చూడనివాళ్లకు చెబుతాను. ఒక చెక్క మీద అర్ధచంద్రంలా మేకులు ఉంటాయి. పట్టు దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని ఆ మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకే కొన్ని వేల సార్లు చెయ్యి ఊగాలి. పట్టు మెత్తన అంటారు కట్టుకునేవాళ్లు. ఆసు పోసేవాళ్ల వేళ్లను అడగాలి.

మొదటి ఏడు చేరినప్పుడు ఆ పిల్ల ఇంటరు హాస్టలు నుంచి తిన్నగా వచ్చింది. అప్పటికి వేలు పసివేలు. ఆనాడు మిషను తెచ్చినవాడు తొందరలో ఒక్క కుడి బొటనవేలి ముద్రే తీసుకుని పోయాడు. రెండో ఏడు మిషన్లు చెడిపోయాయని ఎవరినీ అడగలేదు. చివరి ఏడు మాత్రం గట్టిగా అడిగారు. ఎల్బీనగర్‌లోని సేవాకేంద్రానికి పోయి వేలు పెట్టాలి, మొదటి ఏటి ముద్రతో కలవాలి, కలిస్తేనే ఫీజు విడుదల. ఫీజు వస్తేనే మా కరస్పాండెంటు సర్టిఫికెట్లు వదులుతారు. సర్టిఫికెట్లు ఉంటేనే బీఈడీ.

మూడేళ్లు సాయంత్రం సాయంత్రం ఆసు పోసిన వేలు అది. గీతలు అరిగిపోయి నున్నగా ఉంది. మిషను ఎర్రలైటు వేసింది. తుడిచి పెట్టింది, మళ్లీ ఎరుపే. నొక్కి పెట్టింది, మళ్లీ ఎరుపే.

"ఏందక్కా, నీకు వేలున్నదా లేదా?" అన్నాడు సెంటర్లో కుర్రాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు.

"కళ్లకు కనవడ్తలేదా?" అంది ఆ పిల్ల.

"నాకు కనవడ్తే ఏం ఫాయిదా? దానికి కనవడాలె."

నేను వెంట వెళ్లి ఉన్నాను. "ఇంకో వేలు తీసుకోరాదు బాబూ" అన్నాను.

"దాంట్ల ఒక్క వేలే ఉన్నది పెద్దమనిషీ. నేనేం జెయ్యాలె? చేతిపని బందువెట్టుమను. కొబ్బరినూనె రాయుమను. కొన్ని దినాలు ఆగితే గీతలొస్తయ్. మేస్త్రీలకు గిట్లనే చెప్పిన, వచ్చినయ్."

పని మానడం అంటే ఆ ఇంట్లో పొయ్యి సగం ఆరడం. అయినా మానింది. తల్లి ఒక్కతే ఇద్దరి పని నెత్తిన వేసుకుంది. ఆ పిల్ల అంట్లు తోమలేదు, బట్టలు పిండలేదు, చేతికి పాత గుడ్డ చుట్టుకుని కూర్చుంది. చుట్టుపక్కల ఆడవాళ్లు ఊరుకుంటారా? రాణిగారు వచ్చారన్నారు. డిగ్రీ చదివితే చేతులు అరిగిపోతాయా అన్నారు. సావుకారు మనిషి పట్టు తగ్గించి ఇచ్చిపోయాడు. రెండోసారి సెంటరుకు పోయినప్పుడు ఎర్రలైటు పడింది కానీ అంతకు ముందు ఒక్క క్షణం పచ్చగా మెరిసింది. నేను చూశాను. కుర్రాడూ చూశాడు.

"దగ్గర్కొచ్చింది. ఇంకో వారం ఆగున్రి, పడ్తది" అన్నాడు.

ఆ మాటకు ఆ పిల్ల మెట్లు దిగుతూ నవ్వింది. "కాకా, నా వేలు నాకు వాపస్ వస్తున్నది" అంది.

గడువు ఆఖరి రోజున బంద్. అవి ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఎప్పుడు ఊరేగింపు వస్తుందో, ఎప్పుడు బాష్పవాయువు వస్తుందో తెలిసేది కాదు. నేనూ జై తెలంగాణ అన్నవాడినే, గొంతు పోయేదాకా అన్నాను. సర్కారు ఉద్యోగులు పెన్నులు కింద పెట్టి సమ్మెకు దిగారు. బస్సులు ఆగాయి. కాలేజీలు ఆగాయి. ఆగనిది ఆ కంప్యూటరు ఒక్కటే. గడువు పొడిగించే అధికారి కూడా సమ్మెలోనే ఉన్నాడు మరి.

సేవాకేంద్రం షట్టరు సగం దించి లోపల పని చేస్తున్నారు. నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచాను. తల్లీ కూతుళ్లు సాగర్ రోడ్డు పట్టుకుని తుర్కయంజాల్ నుంచి నడిచి వచ్చారు. పిల్ల చేతికి చుట్టిన గుడ్డ విప్పింది.

వేళ్ల కొసలన్నీ ఎర్రగా పండి ఉన్నాయి. గోరింటాకు.

ఆషాఢమాసం. ఇంటింటా ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకునే కాలం. వేళ్లకు టోపీల్లా ముద్ద పెట్టి ఆకు కట్టడం. బొటనవేలు అన్నింటి కంటే బాగా పండింది, నల్లగా తిరిగిన ఎరుపు.

"ఇదేంది?" అన్నాను.

"నేనే వెట్టిన అన్నా" అంది తల్లి. "గోరింటాకు చలవ గదా. తోలు మెత్తవడ్తది, జల్ది మంచిగైతదనుకున్న. వద్దన్నది. నేనే ఒట్టేసి వెట్టిన."

కుర్రాడు ఆ వేలు చూసి తల కొట్టుకున్నాడు. "పెండ్లికి వోతున్నరా ఏంది? మెహందీ ఉంటే మిషను గుర్తువట్టది. నల్లమచ్చ లెక్క వస్తది."

పెట్టించాడు. ఎరుపు. అద్దం తుడిచాడు. ఎరుపు. వెనక లైను గొణగడం మొదలుపెట్టింది. ఒకడు నిమ్మకాయ అన్నాడు, ఒకడు పెట్రోలు అన్నాడు. పక్క బ్యూటీపార్లరు మనిషి బ్లీచింగు తెచ్చి రాసింది. చెయ్యి మండి పిల్ల కళ్లు మూసుకుంది. రంగు పోలేదు. అప్పుడు తల్లి కూతురి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది. సిమెంటు మెట్టు మీద ఆ బొటనవేలిని అదిమి రుద్దింది, గిన్నె తోమినట్టు. నేను ఆపబోతే, "నువ్వు జరుగన్నా, పోతది, పోతది" అంది. మెట్టు మీద తడి కనిపించాక తల్లే వదిలింది.

లోపలికి వచ్చి పెట్టారు. మిషను ఈసారి ఎరుపు కూడా వేయలేదు. అక్కడ వేలు లేదని చెప్పింది.

"అద్దానికి రక్తమంటింది, తుడువున్రి. వెనకోళ్లు రావాలె" అన్నాడు కుర్రాడు. తల్లి కొంగుతో తుడిచింది.

ఒక్క దారి మిగిలింది. వేలిముద్ర పడనివాళ్లకు సంక్షేమ అధికారి సంతకం పెట్టి, తన పాస్‌వర్డుతో ఒక్క మీట నొక్కితే చాలు. అధికారి ఎక్కడున్నాడు? దగ్గరే ఉన్నాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యోగుల టెంటు కింద, మెడలో దండతో, దీక్షలో. ఆయనా పిల్లవాళ్ల నల్లగొండ జిల్లావాడే, మంచి మాటకారి.

విషయమంతా చెప్పాను. ఆయన పిల్ల వేలు చూసి నాలుక కరుచుకున్నాడు.

"అయ్యో బిడ్డా, ఎంత పనాయె! కానీ అన్నా, గిప్పుడు పెన్ను వట్టుకుంటే నన్ను ద్రోహి అంటరు. నూరు మంది చూస్తున్నరు."

"సార్, గీ సమ్మె ఎవ్వరి కోసం?" అన్నాను.

"పిల్లల కోసమే గదనే! రాష్ట్రమొస్తే గీ బిడ్డకు ఫీజన్న మాటే ఉండది."

"రాష్ట్రం ఇయ్యాల సాయంత్రానికి రాదు గద సార్. గడువు ఇయ్యాల సాయంత్రమే."

ఆయనకు కోపం వచ్చింది, దాచుకున్నాడు. ఇంతలో పేపరువాళ్లు వచ్చారు. అధికారి ముఖం వెలిగింది. "బిడ్డా, జర ఇట్ల నా పక్కన కూసో. విద్యార్థులు సుత మనెంట ఉన్నరని తెల్వాలె" అని ఆ పిల్లను పిలిచాడు. ఎవరో మెడలో దండ వేశారు. ఆమె కూర్చుంది. సంతకం పెడతాడేమోననే కూర్చుంది, నాకు తెలుసు. పిడికిలి ఎత్తమన్నారు. ఎత్తింది. ఆ పిడికిలిలో బొటనవేలు లోపలికి ముడుచుకుని ఉంది. ఫొటో తీసుకున్నారు.

పేపరువాళ్లు పోయాక ఆమె లేచి నిలబడి ఆయన వంక చూసింది. "సమ్మె అయినంక రా బిడ్డా, తప్పకుంట చేస్త" అన్నాడు. దండ మాత్రం తిరిగి తీసుకున్నారు, ఇంకొకరికి వేయాలట.

సాయంత్రం గడువు మూసుకుంది. సమ్మె ముగిశాక నేను ఆయన ఆఫీసుకు పోయాను. గౌరవంగా కుర్చీ వేశాడు. తెర నా వైపు తిప్పి చూపించాడు. ఆ పిల్ల పేరు పక్కన 'విద్యార్థిని లేదు' అన్న అర్థంలో ఒక్క ముక్క ఉంది. "దీన్ని మార్చే మీట నా తాన లేదన్నా, పైన ఉన్నది" అన్నాడు. పైన అంటే ఎక్కడ అని అడిగితే సీలింగు వైపు చూశాడు. అర్జీల మీద అర్జీలు రాశాను. నా ఇంగ్లీషు బాగాలేదేమో, జవాబు రాలేదు.

మా కరస్పాండెంటు గుంటూరు వైపు మనిషి. బంద్ రోజుల్లో భయపడి షట్టరు వెనక కూర్చునేవాడు. ఆయనకూ, టెంటులో కూర్చున్న అధికారికీ లోకంలో అన్నింటి మీదా తగాదానే, ఈ పిల్ల విషయంలో మాత్రం లేదు. నేను ఆయనను అడిగాను, కొట్లాడాను కూడా.

"ఏవయ్యా, నీకు జీతం ఎక్కణ్ణుంచి వస్తోంది? ఆ ఫీజుల్లోంచే కదా" అన్నాడు. "ఒకళ్లకి వదిలేస్తే రేపు అందరూ వేళ్లకి గోరింటాకు పెట్టుకొస్తారు."

బీఈడీలో చేరే ఆఖరి గడువుకు ముందు ఆ పిల్ల వచ్చింది. వేలు మానింది, కొస మీద తెల్లటి మచ్చ. కరస్పాండెంటు గదిలో నేనూ ఉన్నాను.

"సార్, ఒరిజినల్ ఇయ్యకున్రి. ఒక్క జిరాక్స్ ఇయ్యిన్రి. అది చూపిచ్చి గడువు అడుగుత" అంది.

"జిరాక్స్ ఇస్తే ఒరిజినల్ కోసం ఎవరొస్తారమ్మా? అవ్వదు. ఫీజు కట్టేసి పట్టుకెళ్లు."

"ఫీజు సర్కారు కడ్తనన్నది సార్."

"సర్కారు నువ్వు లేవంటోందిగా. లేనోళ్లకి సర్టిఫికెట్ ఎలా ఇస్తాను?" అని ఆయనే నవ్వాడు. ఆ మాట ఆయనకు నచ్చింది. నా వైపు కూడా చూశాడు, నవ్వుతానేమోనని.

పిల్ల ఆయన వెనక ఉన్న బీరువా వంక చూసింది. "ఒక్కపారి చూపియ్యిన్రి సార్. ఎన్ని మార్కులొచ్చినయో కాగితం మీద చూడలేదు."

నవ్విన ఊపులో ఉన్నాడు గనుక, బీరువా తీసి చూపించాడు. చేతికి ఇవ్వలేదు, తన చేతిలోనే పట్టుకుని చూపించాడు. ఆమె వంగి చదివింది. పై నుంచి కింది దాకా, తొందర లేకుండా. తర్వాత మూలన ఉన్న తన ఫొటో మీద వేలు పెట్టింది, ఆ తెల్లమచ్చ వేలే.

"సార్, నేను లేనప్పుడు గీ ఫొటోల ఉన్నది ఎవ్వరు? మూడేండ్లు మీరు క్లాసుల కూసోవెట్టుకుని సదువు చెప్పింది ఎవ్వరికి?"

కరస్పాండెంటు ముఖం ఎర్రబడింది. "చదువు సంగతేమో గానీ నోరు మాత్రం బాగా వచ్చిందే" అన్నాడు.

"అది ఈడ నేర్చుకున్నది గాదు సార్. దానికి మీకు ఫీజు గట్టేది లేదు" అంది ఆ పిల్ల.

ఆయన కాగితాన్ని మళ్లీ కవరులో పెట్టాడు. కవరును బీరువాలో పెట్టాడు. తాళం తిప్పి, లాగి చూసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"బయట ఇంకెవరున్నారయ్యా? పంపించు" అన్నాడు నాతో.