ఒత్తులు కోసేసిన కరపత్రం

పోయిన ఆదివారం ఢిల్లీ పక్కనున్న వైశాలిలో తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళితే, భోజనాల దగ్గర పక్కన కూర్చున్న కుర్రాడు తమ మార్కెటింగ్ టీములో కొత్తగా డిజైన్ సిస్టమ్ పెడుతున్నామనీ, అంటే రంగులకూ అక్షరాలకూ ఖాళీలకూ అందరికీ ఒకే పద్ధతి ఉంటుందనీ, "మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఆంటీ..." అంటూ ఎంతో ఓపికగా వివరించాడు. మంచి పిల్లవాడే. పులిహోర తింటూ అచ్ఛా, అచ్ఛా అని విన్నాను గాని, ఎన్నడో అణిగిపోయిందనుకున్న కోపం లోపల కుతకుతలాడింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మేము ఢిల్లీ జనక్‌పురిలో ఉండేవాళ్ళం. మా ఆఫీసున్న గుర్‌గావ్‌కి మెట్రో ఇంకా రాలేదు. మంచినీళ్ళ ఫిల్టర్లు అమ్మే కంపెనీలో నాతోపాటే పనిచేసే పంజాబీ స్నేహితురాలు ముందు స్టాపులో ఎక్కి, ఆఫీసు బస్సులో నాకు సీటు ఆపి ఉంచేది. మా మార్కెటింగ్‌లో ఎవరి కరపత్రం వారిదే. ఒకరి నీలం మరొకరి దగ్గర ఊదా అయ్యేది, కంపెనీ గుర్తును ఒకరు సాగదీస్తే ఇంకొకరు నొక్కేసేవారు. దీన్ని ఒక దారికి తెమ్మని మా మేనేజరు నాకు అప్పగించాడు. అతన్ని 'గారు' అనడానికి ఇవాళ్టికీ నాకు నోరు రాదు.

అన్ని బ్రాంచీల కాగితాలూ తెప్పించి, గోడ నిండా అంటించి, ఒక్కొక్కరితో పోట్లాడి, బతిమాలి, ఏడాదిపాటు నేనూ నా స్నేహితురాలూ కూర్చుని నియమాలు తయారుచేశాం. వాటిలో తెలుగుకూ కన్నడానికీ విడిగా రెండు పేజీలు పెట్టాను. మన అక్షరం కింద ఒత్తు కూర్చుంటుంది కదా, దానికి వరుసల మధ్య ఎక్కువ చోటు వదలాలి. మేనేజరు ఆ రెండు పేజీలూ తీసి పక్కన పడేశాడు.

"సబ్‌కే లియే ఏక్ హీ రూల్, మేడమ్. సౌత్ మే ఇత్‌నా కౌన్ దేఖ్‌తా హై?"

అందరికీ ఒకే రూలట, దక్షిణాదిలో అంత పట్టించుకుని చూసేవాళ్ళెవరట. వద్దు సర్, అక్షరాలు తెగిపోతాయని స్నేహితురాలి ఎదుటే ఎంతో చెప్పాను. వినలేదు.

కరపత్రాలు విజయవాడకి వెళ్ళాయి. ప్రతి వరుస కిందా వచ్చే నీలం పట్టీ ఒత్తులన్నిటినీ మింగేసింది. 'స్వచ్ఛమైన నీరు, అమ్మ నమ్మకం' అని ఉండాల్సింది 'సచమైన నీరు, అమ నమకం' అయి కూర్చుంది. "ఏమండీ, ఢిల్లీలో తెలుగోళ్ళే లేరా? షాపులోళ్ళు నవ్వుతున్నారండీ" అని అక్కడి బ్రాంచి ఆఫీసరు ఫోను చేస్తే నాకు తల కొట్టేసినట్టయింది.

డైరెక్టరు ముందు మీటింగు పెట్టారు. "తెలుగు తో మేడమ్ నే దేఖా థా" అన్నాడు మేనేజరు, కళ్ళు కూడా ఆర్పకుండా. తెలుగు చూసింది నేనేనట. ఒళ్ళు మండిపోయి లేచి నిలబడ్డాను. ఆ పేజీలు తీసేసింది మీరేననీ, వద్దని నేను చెప్పినప్పుడు ఈవిడ పక్కనే ఉందనీ వచ్చిన హిందీలో అనేసి స్నేహితురాలి వైపు చూశాను. ఆమె తల వంచుకుని పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది. ఒక్క మాట చాలు నాకు. ఆ ఒక్క మాట రాలేదు. "ఛోడియే, అగ్‌లీ బార్ ఠీక్ కర్ లేంగే" అని, పోనివ్వండి వచ్చేసారి సరిచేద్దామంటూ డైరెక్టరు మరో విషయంలోకి వెళ్ళిపోయారు. ఈసారి పోయిన నా పరువు మాట ఎవరికీ పట్టలేదు.

సాయంత్రం బస్సులో ఆమె ఎప్పటిలాగే సీటు ఆపింది. నేను కడ్డీ పట్టుకుని జనక్‌పురి దాకా నిలబడే వచ్చాను. మర్నాడు రాజీనామా ఇచ్చాను. ఆ నియమాలు తనవేనని చెప్పుకుని మేనేజరు ప్రమోషన్ కొట్టేశాడని తరవాత తెలిసింది. అతని మీద కోపం చల్లారినా చల్లారవచ్చు గాని, ఆమె మీదది ఇప్పటికీ పచ్చిగానే ఉంది. మళ్ళీ మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఎవరూ పోట్లాడనక్కర్లేకుండానే ఫోనులో ఒత్తులు ఎక్కడివక్కడ ముచ్చటగా కూర్చుంటున్నాయి. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మా అమ్మాయికి మొన్న తెలుగులో నాలుగు వాక్యాలు రాసి పంపాను. ఒక్క అక్షరం చెదరలేదు. కాసేపటికి, చదవడం రాదు, నోటితో చెప్పి పంపమని హిందీలో జవాబొచ్చింది: "మమ్మీ, పఢ్‌నా నహీ ఆతా, బోల్‌కే భేజో."