సూది పడిపోతుంటే బండి ఆపింది నేను

మొన్న, తెలుగువాళ్లం వలస వచ్చి స్థిరపడిన మా రైల్వే ఊళ్లో, గోల్‌బజార్ దగ్గరి హాలులో మా మరిది మనవరాలి పెళ్లి రిసెప్షన్ జరిగింది. మా పాత కారును పూలతో ముంచెత్తి గుమ్మంలో నిలబెట్టారు, అంతవరకు బాగానే ఉంది. ఆ తరువాత మా మరిది మైకు పుచ్చుకుని, ఈ బండి ఇన్నాళ్లు బతికిందంటే తన చలవేననీ, ఒకసారి దారిలో వదిన బెదిరిపోయి బండి ఆపేస్తే తాను దిగి ఆయిల్ ఫిల్టర్ గొట్టం నొక్కి ఇంజను కాపాడాననీ, జనమంతా నవ్వేలా చెప్పాడు. బెదిరిపోయానట! నాకు ఒళ్లు మండిపోయింది. బీపీ మాత్రలు మింగే మనిషికి అంత కోపం పనికిరాదని నాకూ తెలుసు, కాని తాము చేసిన పని కళ్లెదుటే ఇంకొకడి ఖాతాలో పడడం చూసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే నన్ను తప్పు పట్టరు.

ఆ బండి నాది. రైలింజను డ్రైవరైన మా నాన్న, ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న ఆంగ్లో ఇండియన్ స్నేహితుడి దగ్గర, అప్పటికే ముసలిదైపోయిన ఆ ఇంగ్లండు కారును తీసుకున్నాడు. నేను బడిలో టీచరుగా చేరాక నడపడం నేర్పి, తనకు చూపు మందగించాక తాళం నా చేతిలోనే పెట్టాడు. చీర కట్టుకుని స్టీరింగ్ పట్టిన తెలుగుపిల్లను చూడడానికి మా పేట ఝపటాపూర్‌లో జనం దుకాణాల్లోంచి బయటికి వచ్చేవారు. దారి ఎంత చూస్తావో మీటరూ అంత చూడు అని నాన్న నూరిపోసిన మాట నాకు నరాల్లో ఇంకిపోయింది. ఆవిరింజను మీద ప్రెషరు చూసుకోని డ్రైవరు ఇంటికి తిరిగి రాడనేవాడు.

నేను కాపురానికి వచ్చిన ఇంట్లో మాత్రం అందరూ రైల్వే వర్క్‌షాపు మనుషులే. ఏది చేసినా రైలు బరువుకు తట్టుకునేలా చేయడం వాళ్ల అలవాటు. పిల్లల ఉయ్యాలకు మా మావగారు వేసిన గొలుసుతో గూడ్సు బండిని లాగవచ్చు. నా కారు ఇంజనుకు, ఆ కాలం వాటన్నిటిలాగే, అడుగున ఒక జల్లెడ తప్ప ఆయిల్ ఫిల్టర్ లేదు, నాలుగు రోజులకే నూనె కాటుకలా నల్లబడేది. అందుకని ఒక ఆదివారం మావారూ మరిదీ, అన్నదమ్ములిద్దరూ లారీ ఫిల్టర్ ఒకటి తెచ్చి ఇంజను పక్కన పట్టీతో బిగించారు. ప్రెషరు మీటరుకు నూనె వెళ్లేచోట ఒక పాయ తీసి ఫిల్టర్‌కు కలిపారు, ఫిల్టర్ నుంచి ఇంకో గొట్టం ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టికి. రాగి గొట్టాన్ని కాల్చి మెత్తబరిచి, ఒంపులు తిప్పి, చివర్లు గరాటాలా విప్పి నట్లు బిగిస్తుంటే మావారి చేతులు చూడముచ్చటగా ఉండేవి, అది కాదనను. మీటరుకు వెళ్లే గొట్టం అంత సన్నగా ఉంటే దీనికి ఇంత లావు ఎందుకని అడిగాను. మా మరిది నవ్వి, "ఇది వర్క్‌షాపు పని వదినా, నువ్వెళ్లి టీ ఎట్టు" అన్నాడు. వెళ్లి టీ పెట్టాను.

వారం తిరక్కుండా మేదినీపూర్‌లో చుట్టాలింట నిశ్చితార్థానికి బయలుదేరాం. నేను నడుపుతున్నాను, మరిది నా పక్కన, మావారూ అత్తగారూ వెనక. ఊరు దాటి ఇంజను వేడెక్కేకొద్దీ, ఎప్పుడూ సగం మీద నిలిచే ప్రెషరు మీటరు సూది కిందికి జారడం మొదలుపెట్టింది. చెప్పాను. "కొత్త ఫిల్టరు కదా, నిండతంది. సూదినేటి సూస్తావు, రోడ్డు సూడు" అన్నాడు మరిది. కాసాయి నది వంతెన కనబడేసరికి సూది అడుక్కి పడిపోయింది. పక్కకు తీసి, ఇంజను ఆపి, తాళం పిడికిట్లో పెట్టుకున్నాను. ముహూర్తం దాటిపోతోందని మరిది కేకలు. "మగోలు సెప్తంటే ఇనవేటమ్మా" అని అత్తగారు. సూది లేచేదాకా బండి కదలదన్నాను. బెదిరిన మనిషి మాట్లాడే మాటేనా అది?

మావారు దిగి బానెట్ ఎత్తి, ఆ లావు గొట్టం మీద చెయ్యి పెట్టి చురుక్కుమని తీసేసుకున్నారు. నూనె అంతా ఆ వెడల్పు దారినే ఫిల్టర్లోకీ, అటునుంచి తొట్టిలోకీ పోతోంది, నూనె అందకపోతే మాడి బిగుసుకుపోయే బేరింగులకు చేరవలసినంత చేరడం లేదు. ప్లయరుతో గొట్టాన్ని బాగా నొక్కి, స్టార్టు చెయ్యమన్నారు. సూది లేచింది.

నిశ్చితార్థం ఇంటి వసారాలో మా మరిది మొదటిసారి ఆ కథ చెప్పాడు. "అన్నయ్యా నానూ కలిసి ఇంజన్ని బతికించినాం" అన్నాడు. మావారు అక్కడే తలవంచుకుని భోంచేస్తున్నారు, ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక, మిగతావాళ్లంతా మా క్వార్టరు వసారాలో ఉండగా, వంటింట్లో, నాకు మాత్రమే వినబడేలా, "నువ్వు ఆపినావు కాబట్టి బేరింగులు మిగిలినాయి" అన్నారు. పిచ్చిదాన్ని, దానికే పొంగిపోయాను. తరువాత ఆయనే గొట్టంలో సూదిబెజ్జమంత రంధ్రం ఉన్న బిరడా అమర్చారు, ఆ ఫిల్టర్ ఈనాటికీ పనిచేస్తోంది. కథ మాత్రం పెరుగుతూ వచ్చింది. ఆయన పోయాక "అన్నయ్యా నానూ" కాస్తా "నాను" అయింది, కథలో నాకేమో భయం పుట్టుకొచ్చింది.

మొన్న మరిది తరువాత పెళ్లికొడుకు మైకు తీసుకున్నాడు. తన భార్య తనకంటే బాగా బండి నడుపుతుందనీ, హైవే మీద ఆమె చేతిలో స్టీరింగ్ ఉంటేనే తాను నిశ్చింతగా నిద్రపోతాననీ అందరి ముందూ చెప్పాడు. హాలంతా చప్పట్లు. ఆ పిల్ల ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు, అదేమంత విశేషం కానట్టు. నేనూ చప్పట్లు కొట్టాను, కళ్లు తుడుచుకున్నాను. మరిది మీద కోపం అక్కడే చల్లారిపోయింది, వాడి గొప్పలు మాకు కొత్తా? చల్లారనిది మావారి మీది కోపం. తిడదామంటే మనిషి లేరు, మేమున్న క్వార్టరు కూడా కూల్చేశారు. నిజం ఒప్పుకున్నది ఆయనొక్కరే. వంటింట్లో నాతో అన్న ఆ మాట వసారాలోకి వచ్చి పదిమందిలో అనడానికి ఏమడ్డొచ్చింది? మధ్యలో ఉన్నది ఒక్క గడపే కదా.