బుల్లెమ్మ పాకలో కుర్చీ

మొన్న సాయంత్రం నరసరావుపేటలో మా సందు చివర పెళ్లి ఊరేగింపు ఆగింది. బ్యాండు వాళ్లు ఊపిరి తీసుకుంటున్నారు, పెళ్లికొడుకు ఫోను చూసుకుంటున్నాడు, గుర్రం మాత్రం ఎవరితోనూ పనిలేనట్టు మా గేటు వైపు తల తిప్పి నిలబడింది. కూరగాయల సంచీతో దాని పక్కనుంచి తప్పుకుని వస్తుంటే ఆ వాసన తగిలింది. చెమట, నానిన శనగలు, తడిసిన గడ్డి కలిసిన వాసన. ఇంట్లోకి వచ్చి సంచీ కూడా దించకుండా వంటగదిలో అలాగే ఉండిపోయాను. మా ఆయన "ఏంది, ఒంట్లో బాలేదా?" అన్నాడు. ఏం లేదన్నాను. ఆ వాసన వెంట మా కోటయ్య సారు ఇంట్లోకి వచ్చారని ఆయనకి ఎలా చెప్పను?

కోటయ్య గారు పోయి రెండేళ్లు దాటింది. గురజాల అవతల రోడ్డు మీద ఇంగ్లీషు మీడియం స్కూలు పెట్టిన మోతుబరి రైతు, ఆ స్కూలుకి కరస్పాండెంటు. నేను అక్కడ బయాలజీ టీచర్ని. ఆయన పోయినప్పుడు ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. విద్యాదాత అన్నారు, జాలిగుండె అన్నారు, పేదింటి పిల్లలకి దారి చూపించాడన్నారు. ఆ మాటల్లో ఒక్క అబద్ధం కూడా లేదు. నా బాధంతా అదే. చెడ్డవాడైతే ఈపాటికి తిట్టుకుని మర్చిపోయేదాన్ని.

మా నాన్న వెల్దుర్తి దగ్గర ఒకరి తోటకి కాపలా ఉండేవాడు. నేను బీఈడీ అయ్యాక ఉద్యోగం అడగడానికి ఆ స్కూలుకి వెళితే తోడొచ్చి, ఆఫీసు గది గుమ్మం బయటే చెప్పులు విడిచి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కోటయ్య గారు లోపలి నుంచి చూశారు. "ఎవరయ్యా నువ్వు?" "దావీదునండయ్యా. పిల్ల తండ్రిని." "మరి బయట నిలబడ్డావేంది? లోపలికొచ్చి కూర్చో." "పర్లేదయ్యా." "ఏంది పర్లేదు? ఇది బడి, మా ఇంటి చావిడి కాదు. కూర్చో ముందు." నాన్న కుర్చీ అంచున, ఎప్పుడు లేవమంటారో అన్నట్టు కూర్చున్నాడు. నాకు తెలిసి ఒక పొలమున్న ఆసామి ఎదుట ఆయన కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి అమ్మకి కుర్చీ సంగతి ముందు చెప్పాడు, నా ఉద్యోగం సంగతి తర్వాత చెప్పాడు.

నా మొదటి క్లాసుకి కోటయ్య గారు వచ్చి చివరి బెంచీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను గుండె పాఠం మొదలుపెట్టాను. "వినపడట్లా," అన్నారు. గొంతు పెంచాననుకున్నాను. "వినపడట్లా అమ్మాయ్. నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా?" పిల్లలు నవ్వారు. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక నన్ను గ్రౌండు ఈ చివర నిలబెట్టి, తను గేటు దగ్గర నిలబడి అదే పాఠం చెప్పించారు. అలా చాలా సాయంత్రాలు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు ఎస్తేరూ. అసలు నోరే తెరవకపోతే మంచిదో కాదో ఊరికెట్టా తెలుస్తది? మీ ఇంట్లో తరతరాలుగా గొంతు తగ్గించుకోడం అలవాటైపోయింది. ఇక్కడ తగ్గించుకునే పన్లేదు." ఒకరోజు నా మాట గేటు దాటి రోడ్డు మీద మిరపకాయల టిక్కీ బస్తాలు ఎత్తుతున్న కూలీల దాకా పోయింది. వాళ్లు ఆగి ఇటు చూశారు. కోటయ్య గారు చప్పట్లు కొట్టారు. ఈ గొంతు ఆయన ఇచ్చిందే. కాదంటే కళ్లు పోతాయి.

అయితే ఆ స్కూల్లో క్లాసు గదుల్లో టీచర్లకి కుర్చీలుండవు. తెలియని వాళ్లకి వింతగా ఉంటుంది గానీ మా వైపు ప్రైవేటు స్కూళ్లలో ఇది మామూలే. "కూర్చున్న టీచరు పిల్లల్ని నిద్రపుచ్చుద్ది," అనేవారు ఆయన. పొద్దున ప్రార్థన నుంచి సాయంత్రం స్టడీ అవర్ దాకా నిలబడే ఉండాలి. స్టాఫ్ రూములో ఒక బెంచీ ఉండేది, అది నోటుపుస్తకాలు పెట్టుకోడానికే చాలేది కాదు. ఆయన కూడా కూర్చునేవారు కాదు, వరండాలో తిరుగుతూనే ఉండేవారు. అందుకని ఎవరికీ నోరు పెగిలేది కాదు. మధ్యాహ్నం ఆయన ఇంటికి పోయి నడుం వాల్చి వస్తారన్న సంగతి అందరికీ తెలుసు. అది లెక్కలోకి రాదు.

నేను చేరిన కొన్నేళ్లకి బుల్లెమ్మ వచ్చింది. నా నడుం ఎత్తు కూడా లేని పొట్టి జాతి ఆడగుర్రం. అడ్మిషన్ల రోజుల్లో చిన్నపిల్లల్ని ఎక్కించి గ్రౌండులో తిప్పితే తల్లిదండ్రులు వేరే స్కూలు గడప తొక్కరని ఎవరో చెప్పారట. పాలరంగు ఒళ్లు, కళ్ల మీద పడే జూలు, సన్నటి కాళ్లు. స్కూలు వెనక పాక వేసి పెట్టారు. మరుసటి ఏడు మాచర్ల వైపు ఎవరి దగ్గరో ఉన్న మగ గుర్రంతో జత కట్టించారు. అది చూడి కట్టింది. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. దాని పొట్ట రెండు వైపులా గంపల్లా దిగే వేళకి నాకూ ఏడో నెల వచ్చింది.

నాకది మూడో కడుపు. మొదటి రెండూ నిలవలేదు. ఈసారి డాక్టరమ్మ నా పాదాల వాపు వేలితో నొక్కి చూసి, "గంటలు గంటలు నిలబడొద్దు. ఇదన్నా దక్కించుకో," అంది. అప్పట్లో ఆటో తోలుతున్న మా ఆయన ఉద్యోగం మానెయ్యమన్నాడు. కడుపుతో మానేసిన టీచర్ల చోట్లలో వారం తిరక్కుండా కొత్తవాళ్లు రావడం నేను చూశాను. పైగా అది నా బడి అనుకున్నాను. ఆ పిచ్చి కూడా ఉంది.

కోటయ్య గారికి మాత్రం బుల్లెమ్మ దిగులు తప్ప వేరే దిగులు లేదు. పశువుల డాక్టరు వచ్చి చూసి, "ఈ పొట్టి జాతిలో పిల్ల తల పెద్దది, దారి ఇరుకండీ. కాలు మడిచి అడ్డం పడిందంటే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు. ఈనేటప్పుడు మనిషి దగ్గరుండాల," అని చెప్పి పోయాడు. ఆ రోజు నుంచి సారుకి అన్నం సయించలేదు. పాకలో ఇసక పోయించారు, దాని మీద మెత్తటి గడ్డి పరిపించారు, కూలరు పెట్టించారు. బెదురుతుందని స్కూలు గంట మాన్పించారు. అటెండరు క్లాసు క్లాసుకీ తిరిగి పీరియడు అయిందని చెప్పి పోయేవాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్లం, బయటికి వినపడకుండా.

"ఎస్తేరూ, నువ్వు బయాలజీ గదా," అన్నారు ఒకరోజు. "నీకు క్లాసు లేనప్పుడు దాన్ని కనిపెట్టుకుని ఉండు. పొదుగు చూస్తా ఉండు. చన్నుల కొసన మైనం లాగా బొట్లు కడితే దగ్గరపడ్డట్టంట." కనిపెట్టుకుని ఉండే మనిషి కూర్చోవాలి కాబట్టి పాకలో ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. ఆ స్కూల్లో చేరాక పనివేళలో నేను కూర్చున్న మొదటి కుర్చీ అది. దాపరికం దేనికి, ప్రాణం లేచొచ్చినట్టుండేది. చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీసి కూలరు గాలికి పెట్టుకునేదాన్ని. బుల్లెమ్మ వచ్చి గడ్డం నా ఒడిలో పెట్టేది. బరువు మోయలేక వెనక కాళ్లు మార్చి మార్చి వేసేది. క్లాసులో నేను చేసేది కూడా అదే. ఒకపూట అది దాణా ముట్టకపోతే నాకు నిజంగానే భయం వేసింది. దాని పొట్ట మీద చెయ్యి వేసి లోపలి కదలిక తగిలేదాకా కూర్చున్నాను. దాని మీద నాకు కోపం లేదు, ఎప్పుడూ లేదు.

ఒక మధ్యాహ్నం సారు పాకలోకి వచ్చి దాని జూలు దువ్వుతున్నారు. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా అనుకుని అడిగాను. "సార్, ఈ కుర్చీ క్లాసులోకి తీసుకెళ్లనా? డాక్టరమ్మ నిలబడొద్దంది."

ఆయన దువ్వడం ఆపలేదు. "నీకిస్తే అందరూ అడుగుతారమ్మా. మా అమ్మ మిరపకాయలు కోస్తా కోస్తా చేలోనే నన్ను కన్నది, తెలుసా? తెల్లారి మళ్లీ కల్లంలో ఉంది. ఒళ్లు కదిల్తేనే కానుపు సులువు."

"మరి బుల్లెమ్మకి ఇంత దేనికి సార్?"

"అది నోరు లేని జీవం ఎస్తేరూ. నొప్పైతే చెప్పుకోలేదు. నీకు నోరుంది గదా."

"చెప్తున్నాగా సార్."

ఆయన పకపకా నవ్వారు. "నోరు నేర్పిందే నేను. తిప్పి నా మీదకే తెస్తన్నావే!" అని నా తల మీద తట్టి వెళ్లిపోయారు. కోపగించుకున్నా బాగుండేది.

బుల్లెమ్మ ఒక పొద్దున, పిల్లలు ప్రార్థనకి నిలబడి ఉండగా నొప్పులు పడింది. సారు మైకు ఆపించి పరిగెత్తుకొచ్చారు. నేను అప్పటికే పాకలో ఉన్నాను. గడ్డి మీద పడుకుని, మెడ చాచి, తెల్లటి కళ్లు తిప్పుతోంది. ఒక్క గిట్టే కనిపిస్తోంది, రెండోది రావడం లేదు. ఇస్త్రీ పంచెతోనే సారు ఆ తడిలో కూలబడి దాని తల ఒళ్లోకి తీసుకున్నారు. "ఓర్చుకో తల్లీ, ఓర్చుకో నా బంగారం," అంటూ చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు. మధ్యలో తలెత్తి, "వేడినీళ్లు ఎస్తేరూ, పరిగెత్తు!" అన్నారు. పరిగెత్తాను. ఏడో నెల పొట్ట పట్టుకుని వంటషెడ్డు దాకా పరిగెత్తి బకెట్టు మోసుకొచ్చాను. అప్పటికి నాకు బుల్లెమ్మ బతికితే చాలనే ఉంది. డాక్టరు బండి దిగి, చెయ్యి పెట్టి, మడతపడిన కాలు సరిచేసి లాగాడు. మేకపిల్లంత పిల్ల జారి గడ్డి మీద పడింది. కాసేపు కదల్లేదు. సారు దాని ముక్కులు తుడిచి, గడ్డితో రుద్ది రుద్ది ఊపిరి తెప్పించారు. అది తుమ్మింది. బయట పిల్లలందరూ కేకలు పెట్టారు. ఆ రోజు ఆయన ముఖంలో కనిపించినంత దయ నేను ఏ చర్చిలోనూ చూడలేదు.

ఆ దయని చూశాకే నాకు ధైర్యం వచ్చింది. ఇక కాపలా పని లేదు కాబట్టి ఆ నీలం కుర్చీ ఎత్తుకుని, గ్రౌండు మధ్యలోంచి నడిచి పదో తరగతి గదిలో వేసుకుని కూర్చున్నాను. కూర్చునే పాఠం చెప్పాను. ఒక్కడూ నిద్రపోలేదు. కాసేపటికి సారు లడ్డూల పళ్లెంతో వచ్చారు. నన్ను చూశారు. ముఖంలో నవ్వు పోలేదు. ఇందాక బుల్లెమ్మతో మాట్లాడిన మెత్తటి గొంతుతోనే, "లేమ్మా," అన్నారు.

లేచాను. ఎందుకు లేచానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉంటాను. ఆయన నా చేతిలో లడ్డూ పెట్టి, కుర్చీ తనే స్వయంగా ఎత్తుకుని వెళ్లిపోయారు.

ఎనిమిదో నెల నిండకుండానే క్లాసులో నాకు రక్తం కనిపించింది. పాప కమిలి నల్లబడి పుట్టింది, ఏడవలేదు. నరసరావుపేట ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో చాలా రోజులు ఉంచారు. నిలబడటం వల్లేనా అని డాక్టరమ్మని అడిగితే, అలా అని చెప్పలేం అంది. ఆమె చెప్పలేకపోవచ్చు. నేను చెప్పగలను. సారు పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చారు. అద్దంలోంచి పాపని చూసి కళ్లు తుడుచుకున్నారు. "బుల్లెమ్మ పిల్ల కూడా ఇట్టానే ఉన్నదమ్మా పుట్టినప్పుడు. ఇప్పుడు చూడు, గంతులేస్తంది. నీ పిల్ల కూడా వేసుద్ది." ఆ మాటకి నాకు నిజంగానే ఊరట కలిగింది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "స్కూలు సంగతి మనసులో పెట్టుకోమాక. నీ చోట్లో ఇంకో అమ్మాయిని తీసుకున్నాం. నువ్వు నిదానంగా పిల్లని చూసుకో," అన్నారు.

ఆయన పోయిన కబురు తెలిసి వెళ్లాను. వందలమంది నా పాత విద్యార్థులు వచ్చారు. అందరితో పాటు ఏడ్చాను, అది దొంగ ఏడుపు కాదు. అన్నం పెట్టిన చెయ్యే మెడ పట్టి గెంటితే ఆ చేతిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. మనిషికి జాలి ఉంటే చాలదని మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆ జాలికి ఎదుటివాళ్లు నోరు లేకుండా ఉండాలి. నోరు తెరిచి ఇది నాకు కావాలి అన్న క్షణాన అది ఆవిరైపోతుంది. ఆయనకి తెలియకుండా ఆయన చెప్పిన పాఠం ఇది.

ఇప్పుడు నేను సర్కారు బడి టీచర్ని. నా క్లాసులో కుర్చీ ఉంది. మా పాప మాత్రం ప్రైవేటు స్కూల్లో చదువుతోంది. సర్కారు టీచర్లం మా పిల్లల్ని మా బళ్లకి పంపం, ఆ బుద్ధి మాకెక్కడిది. పోయిన నెల అక్కడ తల్లిదండ్రుల మీటింగుకి వెళ్లాను. మా అందరికీ వరసగా కుర్చీలు వేశారు. పాప టీచరు పాతికేళ్లు దాటని పిల్ల, నిండు పొట్టతో, ఒక చెయ్యి బల్ల మీద ఆనించి నిలబడి, ఒక్కొక్కరికీ మార్కులు చెబుతోంది. చెబుతూ చెబుతూ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటోంది. నా వంతు వచ్చేసరికి నేను లేచి నా కుర్చీ ఆమె ముందుకి జరిపాను.

"కూర్చోమ్మా. కూర్చుని చెప్పు. ఈ పరిస్థితిలో నిన్నెవరు నిలబడమన్నారు?"

నా గొంతు హాలు దాటి వరండాలోకి పోయింది. అందరూ తలలు తిప్పి చూశారు. ఆ పిల్ల కుర్చీ వంక కాదు, తలుపు వంక చూసింది. నా చెయ్యి పట్టుకుని, "మెల్లిగా మేడమ్, దండం పెడతా," అంది. "మీరు అనేసి వెళ్లిపోతారు. తర్వాత మా సారు నన్ను పనిలో ఉంచరు."

నేను గొంతు తగ్గించాను. కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చున్నాను. ఆ పిల్ల నిలబడి చెప్పిన మార్కులన్నీ, ఒక్కొక్క సబ్జెక్టూ, తలూపుతూ విన్నాను.