కోల్మన్ వద్దన్నాడు

మా తమ్ముడు కోల్మన్ కాటర్ ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో ముప్పై ఏళ్ళు రొట్టెల బండి నడిపాడు. అంతకుముందు డ్రమ్స్ వాయించేవాడు. నార్త్‌గేట్ అనే బ్యాండ్ పుట్టింది మా పెరట్లోని బొగ్గుల కొట్టంలోనే. మిగతా ముగ్గురూ లండన్ వెళ్తున్నప్పుడు వీడూ రేవు దాకా పెట్టె మోసుకెళ్ళి తిరిగొచ్చాడు. భయపడ్డాడు, అంతే. మేముండే గుట్ట మీద జనం ఇంకేవో కారణాలు చెబుతారు, నమ్మకండి. వాళ్ళ పేరు మారుమోగిపోయింది. వీడు తెల్లారకముందే లేచి రొట్టెలు పంచాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, నా దగ్గరే ఉంటాడు. అన్నం దగ్గర కూర్చున్నా బల్ల మీద వేళ్ళతో దరువేస్తూనే ఉండేవాడు. చెంచాలు ఎగిరిపడేవి, నాకు ఒళ్ళు మండేది.

కిందటేడు ఆ బ్యాండ్ పాటగాడు ఓవెన్ డెస్మండ్ మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. కొత్త ఆల్బమ్ మొత్తం మా ఊరి మీదేనట. నది, వంతెనలు, షాండన్ చర్చి గంటలు, చివరికి బీరు బట్టీ వాసన కూడా వదల్లేదట.

"టీ తాగుతావా నాయనా?" అన్నాను.

"ఆ, ఇవ్వక్కా."

నాకక్కడే అనుమానం తగిలింది. మా గుట్ట మీద టీ ఇస్తామన్నా, కుర్చీ వేస్తామన్నా ముందు వద్దనాలి. మళ్ళీ అడిగితే కాస్త మెత్తగా వద్దనాలి. మూడోసారికి "సరే, మీరింతగా అంటున్నారు కాబట్టి" అని పుచ్చుకోవాలి. మొదటి మాటకే చెయ్యి చాపితే ఆబగాడంటారు. ఇది మా దగ్గర పసిపిల్లలకి కూడా తెలుసు. ఓవెన్ అది లండన్‌లో మర్చిపోయి వచ్చాడు.

"కోల్మన్, షాండన్ గంటల పాటకి నువ్వే వాయించాలిరా. గురువారం రికార్డింగ్. వస్తావా?"

మావాడి చెవులు ఎర్రబడ్డాయి. జన్మంతా ఆ మాట కోసమే కాచుకున్నాడు మరి.

"ఛ, నేనెందుకురా? చేతులు మొద్దుబారిపోయాయి. ఎవడన్నా కుర్రాణ్ణి చూసుకో."

"అర్థమైందిరా. నిన్ను బలవంతపెట్టను," అని ఓవెన్ వాడి భుజం తట్టి లేచాడు.

లోపలే తిట్టుకున్నాను. బలవంతపెట్టవా? మరెందుకొచ్చావయ్యా ఇంత దూరం? కోల్మన్ గుమ్మం దాకా వాడి వెంటే వెళ్ళాడు.

"గురువారమేనా?"

"గురువారమే."

"పొద్దున్నేనా?"

"పదింటికి."

తర్వాత కాసేపు వాన గురించి మాట్లాడాడు. ఎదుటివాడికి ఎక్కలేదు.

"వీడికి గురువారం పనేం లేదయ్యా," అన్నాను, ఉండబట్టలేక.

"నువ్వూరుకో అక్కా," అని కసిరాడు కోల్మన్.

గురువారం నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, డ్రమ్స్ పుల్లలు ఒళ్ళో పెట్టుకుని ఫోన్ పక్కన కూర్చున్నాడు.

"నువ్వే ఫోన్ చేసి వస్తానని చెప్పరాదూ?"

"అడుక్కోమంటావా?"

చీకటిపడేదాకా అలాగే కూర్చున్నాడు. నేను తిట్టాను, బతిమాలాను, చివరికి చొక్కా పాడవుతుందని విప్పించాను.

ఆల్బమ్ వచ్చింది. గంటల పాటకి లండన్ నుంచి తెచ్చుకున్న ఎవడో వాయించాడు. కోల్మన్ ఒక్కసారి విన్నాడు. "బాగా వాయించాడు," అన్నాడు. అప్పట్నుంచి మా భోజనాల బల్ల చప్పుడు చెయ్యలేదు. అలా ఉండమనే కదా ఇన్నేళ్ళూ సాధించాను. ఇప్పుడా నిశ్శబ్దంలో నాకు ముద్ద దిగదు.

ఆ పాటలతో మా ఊళ్ళోనే కచేరీ పెట్టారు. మా ఇద్దరికీ ముందు వరస టికెట్లు పంపారు. మొదలయ్యే ముందు లోపలి నడవాలో ఓవెన్ ఎదురుపడ్డాడు, హడావుడిగా ఉన్నాడు.

"ఒరేయ్, చివరి పాటకి స్టేజీ మీదికి రారా. డ్రమ్స్ నువ్వు వాయించు."

దేవుడా, ఈసారన్నా ఒప్పుకోరా అని వాడి చెయ్యి గిల్లాను.

"అబ్బే... జనం మిమ్మల్ని చూడ్డానికొచ్చారు కదరా," అన్నాడు కోల్మన్. గొంతు ఎంత మెత్తగా ఉందో! ఇంకొక్క మాట అంటే చాలు.

ఎవరో ఓవెన్‌ని పిలిచారు. "నీ ఇష్టంరా," అని వాడు వెళ్ళిపోయాడు.

చివరి పాటకి హాలంతా లేచి నిలబడింది. మావాడూ నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఇంటికొచ్చే బస్సులో నేనిక ఆగలేకపోయాను. "నోరు పడిపోయిందా నీకు? వస్తానంటే నీ సొమ్మేం పోయేది?"

వాడు కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

"రెండోసారే కదక్కా అడిగింది," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బ్యాండ్ వాళ్ళు లండన్ వెళ్ళిపోయారు.